ఆరిన దీపాన్ని అడిగే మనిషి

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నాలు తిని చేతులు కడుక్కుంటుండగా నౌపడ నుంచి ఫోను వచ్చింది. లాంపు మావ పెద్దకూతురు చేసింది. "నాయిన పోనాడమ్మా" అని ముందు ఆ ఒక్క మాటే చెప్పి, నేను తేరుకునేదాకా ఆగింది. తరవాత మిగతాది చెప్పింది. పొద్దున్న స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, చర్చికి వెళ్దామని వరండాలో కుర్చీలో కూర్చున్నాడట. ఆమె లోపలికి వెళ్లి గొడుగు పట్టుకొచ్చేసరికి తల పక్కకి వాలిపోయి ఉంది. "ఏ బాదా పడనేదు. టీ కూడా తాగీసినాడు" అంది. ఆ టీ సంగతి ఆమెకి పెద్ద ఊరట అని గొంతులో తెలిసింది. నాకూ ఊరటగానే అనిపించింది. తొంభై దాటిన మనిషి ఇస్త్రీ చొక్కాతో, టీ తాగి, ఎవరిచేతా ఏమీ చేయించుకోకుండా వెళ్లిపోయాడు.

మూడో రోజున వెళ్లాను. శ్రీకాకుళం నుంచి నౌపడ ఏమంత దూరం కాదు గానీ మోకాళ్లు ఒప్పుకోవడం లేదని మనవరాలు తోడొచ్చింది. దారిలో అడిగింది, ఆయన మనకేమవుతాడు అమ్మమ్మా అని. ఏమీ కాడన్నాను. ఏమీ కానివాడిని మావ అనడమేమిటంది. చెప్పడం మొదలుపెట్టాను గానీ సగంలో ఉండగానే టెక్కలి వచ్చేసింది, అక్కణ్ణుంచి దారి కనుక్కోవడంలో పడ్డాం. ఆ మిగిలిపోయిన సగం చెప్దామనే ఇది రాస్తున్నాను.

నౌపడ స్టేషనులో ఆయన లాంపుమేను. ఇప్పటివాళ్లకి ఆ ఉద్యోగం ఉండేదనే తెలియదు. అప్పట్లో మా స్టేషను సిగ్నళ్లకి కరెంటు లేదు, ఒక్కో సిగ్నలుకీ ఒక్కో కిరసనాయిలు దీపం. పొద్దున్నే వాటిని లాంపు రూముకి తేవడం, గాజులు తుడవడం, ఒత్తులు కత్తిరించడం, నూనె పొయ్యడం, సాయంత్రానికి వెలిగించి మళ్లీ ఎక్కడివక్కడ పెట్టి రావడం ఆయన పని. మెయిన్ లైను దీపాలూ, పర్లాకిమిడి వైపు వెళ్లే చిన్నబండి లైను దీపాలూ అన్నీ ఆయనవే. ఊళ్లో పిల్లా పెద్దా అందరూ లాంపు మావ అనేవారు. ఆఖరికి ఆయన భార్య కూడా పక్కింటివాళ్లతో "లాంపు మావ ఇంకా రానేదు" అనేది.

మేం నౌపడ వెళ్లింది అరవయ్యేడులో. మావారికి ఉప్పు ఆఫీసులో గుమస్తా ఉద్యోగం. నేను విజయనగరంలో పుట్టి పెరిగి, ఎస్సెల్సీ పాసయి, అప్పటికి ఏడాది కిందట కాపరానికి వచ్చినదాన్ని. మా క్వార్టరు వెనక గోడ దాటితే కనుచూపు మేర ఉప్పుమళ్లే. గాలి ఇటు తిరిగిందంటే పెదాలు నాకితే ఉప్పగా ఉండేవి. పెరట్లో బావి ఉండేది గానీ ఆ నీళ్లు నోట పెట్టుకునేవి కావు, స్నానాలకీ బట్టలకీ వాడుకునేవాళ్లం. తాగే నీళ్లు పోలమ్మ అనే ఆవిడ దూరం నుంచి రెండు బిందెలు తెచ్చి పోసేది. ఆ తరవాత ఉప్పుమళ్లలో కూలికి వెళ్లేది. నాకంటే పదేళ్లు పెద్ద, మాట కటువు, చెయ్యి మెత్తన.

మరుసటేడు బ్లాకు ఆఫీసు నుంచి ఒక కోళ్ల ఆఫీసరు వచ్చాడు. పల్లెల్లో ఆడవాళ్లు మేలురకం కోళ్లు పెంచాలని అప్పుడొక ప్రచారం నడుస్తుండేది. మహిళా మండలి పెట్టించి, చదువుకున్నదాన్నని నన్ను దానికి పెద్దని చేసి, ఒక చెక్కపెట్టె తెచ్చి మా ముందు గదిలో దింపించాడు. ఇంక్యుబేటరన్నాడు. రెండు పొరల చెక్క, ముందువైపు అద్దం, అద్దం వెనక ధర్మామీటరు. పక్కన రేకు గూడులో ఒక కిరసనాయిలు దీపం. దీపం వేడి గొట్టం గుండా పెట్టెలోకి వెళ్లి, అరల్లో పేర్చిన గుడ్లని కోడి కడుపు కింద ఉన్నట్టు వెచ్చగా ఉంచుతుంది. ఇరవైయొక్క రోజులు ఆ వేడి నూటరెండూ నూటమూడు డిగ్రీల మధ్య నిలబడాలి. రోజుకి మూడుసార్లు గుడ్లు తిప్పాలి. అంతే, పిల్లలు అవే వస్తాయన్నాడు.

ఊళ్లో ఆడవాళ్లకి అది పెద్ద వేడుకైపోయింది. పెట్ట చేసే పని పెట్టె చేస్తుందట అని ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకుంటూ వచ్చి చూసేవారు. పోలమ్మ మాత్రం అద్దంలోంచి చాలాసేపు చూసి, ఇది గుడ్ల మీద కూర్చుంటుంది సరే, పిల్లల్ని గద్ద నుంచి కాస్తుందా అనడిగింది. మొదటి దఫా గుడ్లు ఆఫీసరు పంపించాడు, మేలురకంవి. నేను పెన్సిలుతో ఒకవైపు సున్నా, రెండోవైపు ఇంటూ గుర్తు పెట్టి, పసిపిల్లల్ని తిప్పినట్టు తిప్పేదాన్ని.

ఆ దీపం నిలిచేది కాదు. వెలిగించిన రెండుమూడు గంటలకి ఎప్పుడు చూసినా ఆరిపోయి ఉండేది. ముట్టిస్తే మళ్లీ వెలిగేది, కాసేపు బాగానే ఉండేది, నేను వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి చల్లారేది. ఆఫీసరుని అడిగితే గాలి తగులుతోందన్నాడు. కిటికీకి గోనెపట్టాలు కట్టాం. కొట్టువాళ్లు కిరసనాయిలులో నీళ్లు కలుపుతున్నారని మావారు అన్నారు, నూనె మార్చాం. ఎవరు ఏం చెబితే అది చేశాం. ఇరవైయొకటో రోజు దాటింది, ఇరవైమూడు దాటింది. ఒక్క గుడ్డూ చిట్లలేదు. పగలగొట్టి చూసి పెరట్లో గొయ్యి తీసి పూడ్చాను.

ఆ వారంలోనే బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. గుమస్తాగారి భార్య చెయ్యి మంచిది కాదనుకుంటున్నారు. పెళ్లయి రెండేళ్లయింది, ఒళ్లో బిడ్డ లేదు, అలాంటి చేత్తో గుడ్లు తిప్పితే ఏం పిగులుతాయంది ఒకావిడ. చెడ్డ మనుషులు కారు, నేను విన్నానని తెలిస్తే నొచ్చుకునేవారే. నేను వినలేదన్నట్టు లోపలికి వచ్చి బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను. ఆ మాట మాత్రం ఎక్కడో దిగబడిపోయింది. చెయ్యి చూసుకునేదాన్ని అప్పుడప్పుడు.

రెండో దఫా ఆఫీసరు గుడ్లు పంపలేదు. అప్పుడు పోలమ్మ తన కోడి పెట్టిన గుడ్లన్నీ తట్టలో తెచ్చి నా ముందు పెట్టింది. మిగతావాళ్లని కూడా ఒప్పించి మరో ఎనిమిది ఇళ్ల నుంచి తెచ్చింది. ఎందుకే ఇంత నమ్మకమని అడిగాను. నమ్మకం ఏమీ లేదు, ఒకసారి చూసి వదిలేయడమేనా అని తెచ్చానంది. ఏడో రోజున గుడ్డు వెనక టార్చిలైటు పెట్టి అందరికీ చూపించాను. లోపల ఎర్రదారం లాంటి నరాలు, మధ్యలో చుక్క, ఆ చుక్క కొట్టుకుంటోంది. ఆ ఆడవాళ్లు ఒకరి మీదొకరు వంగి చూశారు. అప్పటిదాకా అవి గుడ్లు, ఆ రోజు నుంచి పిల్లలు.

దీపం మాత్రం మునుపటిలాగే ఆరుతోంది. నేనూ మావారూ వంతులేసుకుని, మధ్యమధ్య వచ్చి చూసి, ఆరితే ముట్టిస్తున్నాం. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అలసిపోయి కాస్త నడుం వాల్చాను. లేచి చూసేసరికి అద్దం చల్లగా ఉంది, ధర్మామీటరు తొంభై కిందకి దిగిపోయింది. ఇక నా వల్ల కాదనిపించింది. ఊళ్లో దీపాల సంగతి తెలిసినవాడు ఒక్కడే కదా అని చెప్పులేసుకుని స్టేషనుకి నడిచాను. అప్పటిదాకా ఆ మనిషితో మాట్లాడింది లేదు.

లాంపు రూము ప్లాట్‌ఫాం చివర చిన్న ఇటుకగది. గుమ్మం దాకా కిరసనాయిలు వాసన. ఆయన నేల మీద కూర్చుని వరసగా పెట్టిన దీపాల్లో గరాటాతో నూనె పోస్తున్నాడు. నలభై ఏళ్లుంటాయి, బక్కపలచగా, గోళ్ల చివర్లు నల్లగా. నేను గబగబా అంతా చెప్పేశాను. ఆయన గరాటా దించకుండానే విన్నాడు. ఇవన్నీ సాయంత్రంలోగా ఎక్కించాలి, లేకపోతే బండి ఆగిపోతుంది, పొద్దున్నే వస్తానన్నాడు. అప్పటికి అన్నీ చచ్చిపోతాయేమోనన్నాను. నా ముఖంలో ఏం కనిపించిందో, అప్పుడు గరాటా పక్కన పెట్టాడు.

"గుడ్డు అంత బేగి సచ్చిపోదమ్మా" అన్నాడు. "కోడి కూడా మేతకి లెగుస్తాది గదా? కాసేపు సల్లబడతాది, మళ్లీ ఎచ్చబడతాది. నువ్వు ఇంటికెల్లి పెట్టె మీద దుప్పటి కప్పు. దీపం ముట్టించు. ఆరితే మళ్లీ ముట్టించు. పొద్దున్న నానొస్తాను."

ఆ నెల రోజుల్లో అందరూ నాకు ఏదో ఒక కారణం చెప్పారు. భయపడకని చెప్పింది ఆయనొక్కడే.

మర్నాడు ఎనిమిదింటికల్లా వచ్చాడు. దీపాన్ని బాగుచేస్తాడని నేను స్క్రూడ్రైవరూ పటకారూ సిద్ధంగా పెట్టాను. ఆయన వాటిని చూడనైనా చూడలేదు. దీపం ఆరేటప్పుడు ఎలా ఆరుతోందని అడిగాడు. మంట ఎర్రబడి పొగ వచ్చి ఆరుతోందా, ఒక్కసారిగా టప్పున పోతోందా, చిన్నదైపోయి పోతోందా? నాకు తెలియదన్నాను. ఎప్పుడు చూసినా ఆరిపోయాకే చూశాను.

"అయితే కూకొని దాని సావు సూద్దాం" అన్నాడు. "ఏల ఆరినాదో దీపమే సెప్తాది. మనం అడగాల."

దీపం ముట్టించి, దాని ఎదురుగా గోడకి చేరబడి కూర్చున్నాడు. మావారు ఆఫీసుకి వెళ్తూ చూసి, ఇదేం రిపేరని గొణుక్కున్నారు. పోలమ్మ బిందె దించి ఆయన పక్కనే కూర్చుంది. మరో ఇద్దరు వచ్చారు. మంట గంటసేపు నిటారుగా ఉంది. రెండో గంటలో మెల్లమెల్లగా పొట్టిదవుతూ వచ్చింది. అంచులు నీలంగా మారాయి. పొగ లేదు, అదరలేదు. బియ్యపుగింజంత అయి, నిద్రపోయినట్టు ఆరిపోయింది.

గాలి తగిలితే ఒక్కసారిగా పోతుందనీ, మంటకి గాలి చాలకపోతే ఎర్రగా లేచి పొగ కక్కుతుందనీ, ఇది రెండూ కాదనీ చెప్పాడు. దీనికి తిండి అందడం లేదు, నూనె ఉంది గానీ పైకి ఎక్కడం లేదన్నాడు. మేం కట్టిన గోనెపట్టాలు విప్పించేశాడు. దీపంలోని నూనె ఒక గాజుసీసాలో పోసి వెలుగులో పెట్టాడు. అడుగున నీళ్లు తేలలేదు. మావారి అనుమానం అక్కడికి తీరిపోయింది. అప్పుడు ఒత్తి బయటికి లాగాడు. వేళ్ల మధ్య నలిపి చూసి, ఎండిన కొనని కొంచెం కత్తిరించి నాలిక మీద పెట్టుకున్నాడు. వెంటనే గుమ్మం బయటికి వెళ్లి ఉమ్మి వచ్చాడు.

ఒత్తి ఉతికావా అనడిగాడు. ఉతికానన్నాను. మసి పట్టిన ఒత్తితో దీపం వెలిగించడం నాకు నచ్చేది కాదు. రెండు ఒత్తులు పెట్టుకుని, ఒకటి వాడుతుండగా రెండోది సబ్బు పెట్టి పెరటి బావి నీళ్లతో ఉతికి, దండెం మీద ఆరేసేదాన్ని. మా అమ్మ ఇల్లు ఎంత శుభ్రంగా పెట్టేదో నేనూ అంత శుభ్రంగా పెట్టాలని. ఆ నీళ్లలోని ఉప్పు ఒత్తి పోగుల్లో పేరుకుని గట్టిపడి, నూనెని పైకి రానియ్యడం లేదు. నా శుభ్రతే దీపాన్ని ఆర్పింది.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆడవాళ్లు చూస్తున్నారు. ఆయనకి బావి దగ్గరి మాటలు ఎవరు చేరవేశారో నాకు ఇప్పటికీ తెలియదు. పోలమ్మే అయి ఉంటుంది. ఆయన వాళ్లవైపు తిరిగి, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా అన్నాడు:

"సెయ్యి తప్పు కాదు. ఉప్పు తప్పు. ఈ నీళ్లు నౌపడవి, ఈ అమ్మవి కావు."

ఆ తరవాత నావైపు తిరిగి, ఒత్తిని ఎప్పుడూ తడపకూడదనీ, మసి కొనని కత్తెరతో తియ్యాలనీ, కొత్త ఒత్తులు కిరసనాయిలు డబ్బాలో ముంచి మూతపెట్టి దాచుకోవాలనీ, ఈ ఊరి గాలికి వదిలితే గాలే ఉప్పు పట్టిస్తుందనీ చెప్పాడు. జేబులోంచి తన డబ్బీ తీసి, అందులోని కొత్త ఒత్తి ఎక్కించి వెళ్లిపోయాడు. ఆ రోజంతా దీపం ఆరలేదు. సాయంత్రం బావి దగ్గర ఒకావిడ నా బిందె తనే తోడి పెట్టింది. నాకు అది చాలు.

ఇక్కడితో అయిపోతే ఇది మామూలు కథే అయ్యేది. ఆ పగలూ రాత్రీ బాగా వెలిగిన దీపం, పదకొండో రోజు పొద్దున్న నేను నూనె పోసి మూత గట్టిగా బిగించాక, మధ్యాహ్నానికి మళ్లీ ఆరిపోయింది. అదే తీరులో, చిన్నదై, నీలమై. ముట్టిస్తే వెలుగుతోంది, మళ్లీ కుంగిపోతోంది. అప్పుడు పోలమ్మ నా ముఖం చూడకుండా నీళ్లు పోసి వెళ్లింది. ఊళ్లో ఆ మాట మళ్లీ లేస్తుందని నాకు తెలుసు, ఈసారి లాంపు మావ చెప్పినా నిలవలేదంటారనీ తెలుసు.

కబురంది ఆయన సాయంత్రం దీపాలు పెట్టి తిన్నగా వచ్చాడు. నాకు బాగా గుర్తున్నది ఆయన ముఖం. పరువు పోయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో చూడాల్సి వస్తుందని బెంగపెట్టుకున్నాను. అలాంటిదేమీ లేదు. ఆసక్తిగా ఉన్నాడు. గదిలో ఉన్న ఆడవాళ్లందరూ వినేలాగే అన్నాడు, "నిన్న నాను సెప్పింది సగమే నిజం. ఒక తప్పు దొరికినాదని సంబరపడిపోనాను. రెండోది దాని ఎనకే దాక్కున్నాది."

ఊళ్లో ఒక మగవాడు, తనకి బాగా తెలిసిన పనిలో, పదిమంది ఆడవాళ్ల ముందు నేను తప్పు చెప్పానని అనడం నేను అప్పటిదాకా వినలేదు. ఆ తరవాత కూడా ఎక్కువసార్లు వినలేదు.

మళ్లీ కూర్చున్నాడు. ఈసారి ఆఫీసు నుంచి వచ్చిన మావారు కూడా ఆయన పక్కన కూర్చున్నారు. మంట కుంగడం మొదలుపెట్టగానే ఆయన ముందుకి వంగి, నూనె పోసే మూతని అరచుట్టు వదులు చేశాడు. అంతే. కాసేపటికి మంట మెల్లగా లేచింది. బిగించాడు. మరికాసేపటికి కుంగింది. మళ్లీ వదులు చేశాడు, లేచింది. మూడుసార్లు అలా చేసి చూపించాడు. అందరం ఏ గారడీయో చూస్తున్నట్టు చూస్తున్నాం.

మూత పూర్తిగా విప్పి లాంతరు వెలుగులో పెట్టి మాకు చూపించాడు. మూత మధ్యలో చిన్న తెల్లని బొట్టు. "ఇక్కడ సూదిబెజ్జం ఉండాల. నూనె పైకి ఎక్కినంతా లోపలికి గాలి ఎల్లాల గదా? బుడ్డి ఊపిరి తీసుకునే బెజ్జం ఇది. ఎవుడో మాటేసినాడు."

మావారు గొంతు సవరించుకున్నారు. పెట్టె వచ్చిన కొత్తలో గదంతా కిరసనాయిలు వాసన వస్తోందని నేను గొడవపెడితే, మూతకి చిల్లు పడిందనుకుని, టెక్కలి వెళ్లినప్పుడు మాట్లు వేసే అతని చేత అది పూడిపించారట. నాతో చెప్పడం మరిచిపోయారట.

"నేనే వేయించాను" అన్నారు, ఆఫీసులో పైవాళ్లతో మాట్లాడేటంత మర్యాదగా.

ముందు పోలమ్మ నవ్వింది. తరవాత అందరూ. ఆఖరికి మావారు కూడా. అమ్మగారు ఒకటి, బాబుగారు ఒకటి, ఇద్దరూ చెరో చెయ్యి వేసి దీపాన్ని ఆర్పారని పోలమ్మ అంది. లాంపు మావ మాత్రం నవ్వలేదు. నా కుట్టుసూది అడిగి తీసుకుని, సుత్తి బదులు గుండ్రాయితో ఒక్క దెబ్బ వేసి ఆ బొట్టుకి బెజ్జం చేశాడు. బిగించి, ముట్టించి, కూర్చున్నాడు. బాగా పొద్దుపోయేదాకా కూర్చుని, మంట ఒక్క వెంట్రుకవాసి కూడా కుంగలేదని చూసుకుని లేచాడు. భోజనం చేసి వెళ్లమన్నాను. ఇంట్లో పెద్దపిల్ల తనకోసం తినకుండా చూస్తుంటుందని చెప్పి, మజ్జిగ మాత్రం తాగాడు. వెళ్తూ వెళ్తూ "ఆరితే కబురు పెట్టు, కోడలమ్మా" అన్నాడు. అలా మావా కోడళ్లమయ్యాం.

దీపం మళ్లీ ఆరలేదు. ఇరవయ్యో రోజు పొద్దున్న గుడ్లలోంచి కిచకిచ వినబడింది. మర్నాటికి సగానికి పైగా పిగిలాయి. తడిసి ముద్దయిన పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డాయి. తొమ్మిది ఇళ్ల ఆడవాళ్లూ వచ్చారు. బావి దగ్గర ఆ మాట అన్నావిడ తన వంతు పిల్లల్ని చీరకొంగులో పోయించుకుంటూ, నా చేత్తోనే పొయ్యమంది. పోశాను. ఆవిడ నా వేళ్లని ఒక్కక్షణం పట్టుకుని వదిలేసింది. లాంపు మావ డ్యూటీ మధ్యలో ఐదు నిమిషాలు వచ్చి, పిల్లల్ని చూడకుండా తిన్నగా దీపం దగ్గరికి వెళ్లి, వంగి మంట చూసుకుని, అప్పుడు పిల్లల వైపు తిరిగాడు.

ఆ తరవాత నౌపడలో ఉన్న రెండున్నరేళ్లలో ఆయన దగ్గర చాలా నేర్చుకున్నాను. ఆదివారాలు చర్చి అయ్యాక భార్యని తీసుకుని మా ఇంటికి వచ్చేవాడు. మండలి ఆడవాళ్లు పాడైన లాంతర్లూ పంపు స్టవ్వులూ తెచ్చి వరండాలో పెట్టేవారు. ఆయన వాటిని బాగుచేసి ఇచ్చేవాడు కాదు. ఎవరిది వాళ్లచేతే విప్పించేవాడు. ముందు ఏం చూశావు, తరవాత ఏం చూశావు, అని ప్రశ్నలే. చూడకముందే కారణం చెప్పేవాళ్లంటే ఆయనకి పడేది కాదు. ఒకావిడ స్టవ్వుకి దిష్టి తగిలిందంటే, "దిష్టి ఉంటే ఉంటాది, ముందు పిన్ను పెట్టి సూడు" అన్నాడు. అలా ఆ వీధిలో పోలమ్మతో సహా నలుగురైదుగురు ఆడవాళ్లు స్టవ్వు రిపేర్లలో చెయ్యి తిరిగినవాళ్లయ్యారు.

మాకు ఆ మరుసటేడు పాప పుట్టింది. మొన్న నాతో వచ్చిన మనవరాలి తల్లి. పురుడు పోసుకుని వచ్చాక ఆయన భార్యతో కలిసి చూడ్డానికి వచ్చాడు. పాపని ఎత్తుకోలేదు, చేతులు ఎంత కడిగినా కిరసనాయిలు వాసన పోదని. దూరం నుంచే చూసి, బాగా ఊపిరి తీస్తోందన్నాడు. ఆయన మెచ్చుకోలు అంతవరకే.

చాలా ఏళ్ల తరవాత సిగ్నళ్లకి కరెంటు వచ్చింది, లాంపు రూముకి తాళం పడింది, ఆయన్ని గేటు దగ్గరికి మార్చారు. అప్పుడు పలకరించడానికి వెళ్తే బాధపడతాడేమోనని మాటలు వెతుక్కున్నాను. ఆయనే, వానలో తడవకుండా జీతం తీసుకుంటున్నానని చెప్పి నవ్వాడు. రిటైరయ్యాక కోళ్లు పెంచాడు. నాలుగేళ్ల కిందట వెళ్లినప్పుడు చెవులు వినపడటం లేదు, కళ్లు మాత్రం చురుగ్గానే ఉన్నాయి. కూతురింటి గ్యాస్‌పొయ్యి మంట నిలవడం లేదంటే తనే కుర్చీ వేయించుకుని పొయ్యి ఎదురుగా కూర్చున్నాడు. మెకానిక్కుని పిలుస్తానని అల్లుడు అంటున్నాడు. ఆగమన్నట్టు చెయ్యెత్తి, మంట వైపే చూస్తున్నాడు.

నా బతుకులో కూడా చాలా ఆరాయి. కొన్ని మళ్లీ వెలిగాయి. మావారు పోయిన ఏడాది అన్నీ నావల్లే అనిపించేది. ఆ వేళకి మందు వేసి ఉంటే, ఆ డాక్టరు దగ్గరికి ముందే తీసుకెళ్లి ఉంటేనని. అప్పుడు ఆ మనిషి మాట తలుచుకుని, ఒకచోట కూర్చుని, ఏది నా చేతిదో ఏది ఉప్పుదో విడదీసి చూసుకున్నాను. మనసు కొంచెం కుదుటపడింది. అంతకంటే ఎవరైనా ఎవరికైనా ఏం ఇవ్వగలరు.

మొన్న ఇంటికెళ్తే పెద్దకూతురు టీ ఇచ్చింది. ఆయన సంగతులే నవ్వుకుంటూ చెప్పుకున్నాం. తిరిగి వస్తుంటే మనవరాలు అడిగింది, ఆయన్ని తలుచుకుంటే నీకు ఏం కనిపిస్తుంది అమ్మమ్మా అని.

మేం నౌపడ వదిలిన సాయంత్రం కనిపిస్తుంది. డెబ్బయిలో మావారికి బదిలీ అయింది. సామాను బ్రేకువానులో వేసి, పాపని ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరంతా ప్లాట్‌ఫాం మీదికి వచ్చింది, ఆయన మాత్రం రాలేదు. అది ఆయన డ్యూటీ వేళ. బండి కదిలి స్టేషను దాటి, ఉప్పుమళ్ల మధ్యకి వచ్చింది. రెండువైపులా నీళ్లు, కళ్ళాల్లో తెల్లటి ఉప్పుకుప్పలు, మబ్బుల్లో కొంచెం ఎరుపు. ఔటరు సిగ్నలు నిచ్చెన మీద, నేలకీ ఆకాశానికీ మధ్య, ఆయన నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో నిచ్చెన, ఒక చేత్తో అప్పుడే ముట్టించిన దీపం. ఊపడానికి చెయ్యి ఖాళీ లేదు. మా రైలుపెట్టె తన దగ్గరికి రాగానే తల ఒకసారి కిందికి వంచి ఎత్తాడు. బండి వంపు తిరిగేదాకా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఆయన మళ్లీ మెట్లు ఎక్కుతున్నాడు, గాలికి చొక్కా ఉబ్బుతోంది, దీపాన్ని గుండెకి దగ్గరగా పట్టుకుని ఒక్కొక్క మెట్టూ తొందర లేకుండా.